పోర్చుగీసు తాత గోలుపోస్టు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఆదివారానికి ఏ విలువా ఉండేది కాదు. ఆ రోజు మాకు మామూలుగా బడి, అమ్మకి మామూలుగా డ్యూటీ. పండగంతా శుక్రవారమే. ఒమన్‌లో అందరికీ సెలవు అప్పుడే కాబట్టి చర్చి కూడా శుక్రవారమే. కోనసీమలో ఉన్న మా అమ్మమ్మకి ఈ సంగతి ఎన్నిసార్లు చెప్పినా మింగుడుపడలేదు. "దేవుడికి కూడా వారం మార్చేశారేంటే అక్కడ?" అనేది. పొద్దున ఆరాధన, మధ్యాహ్నం పలావు, ఎండ వాలగానే మేముండే పేట ఘాలా వెనక వాదీలో ఫుట్‌బాల్. ఈ మూడింటిలో దేనికోసం నేను వారమంతా ఎదురుచూసేదాన్నో దేవుడికి తెలుసు, ఈ వయసులో దాచడం ఎందుకు.

వాదీ అంటే ఏరే, కాకపోతే నీళ్ళు లేని ఏరు. కొండల్లోంచి సముద్రం దాకా గులకరాళ్ళ దారి ఒకటి పరుచుకుని ఉంటుంది. అటూ ఇటూ ఎత్తైన గట్లు, మధ్యలో అక్కడక్కడ తుమ్మచెట్లు, వాటి కింద మేకలు. వాన పడితే తప్ప అది ఏరని ఎవరికీ గుర్తుండదు. ఘాలాలో గ్యారేజీలూ గోడౌన్లూ పోగా చదునుగా మిగిలిన చోటు అదొక్కటే. మా క్లబ్బు అందులోనే రాళ్ళేరి మైదానం చేసుకుంది.

మా క్లబ్బు అంటున్నానుగానీ దాన్ని పెట్టింది పోర్చుగీసు వాళ్ళు. హార్బరు పనులకి వచ్చిన కొన్ని కుటుంబాలు, భాష రాని దేశంలో సెలవు రోజు ఎలా గడపాలో తోచక మొదలుపెట్టిన ఆట అది. మనవాళ్ళు నలుగురు చేరితే ప్రార్థన కూడిక పెట్టుకుంటారు. వాళ్ళు నలుగురు చేరి బంతి కొన్నారు. పనులు ముగిసి చాలామంది వెళ్ళిపోయినా క్లబ్బు ఉండిపోయింది. మేం చేరేనాటికి అందులో గోవా వాళ్ళు, మలయాళీలు, బలూచీ పిల్లలు, మాలాంటి తెలుగువాళ్ళు అందరం ఉన్నాం. చుట్టుపక్కల ఊళ్ళ జట్లన్నీ మాత్రం మమ్మల్ని "పోర్చుగీసోళ్ళు" అనే పిలిచేవి. కోనసీమ మొహాలేసుకుని ఆ పేరుకి మేమూ తెగ పొంగిపోయేవాళ్ళం.

అసలు పోర్చుగీసువాళ్ళలో మిగిలింది ఒక్క తాత. ఆయనకీ పేరు ఉండేది, మా నోరు తిరగక పోర్చుగీసు తాత అని స్థిరపరిచాం. ఒక మోకాలు సరిగ్గా వంగేది కాదు. హార్బర్లో క్రేను నడిపిన మనిషి. ఆ మోతలో ఎంత అరిచినా లాభం లేదట, కింద నిలబడ్డవాడు చేతులతో చేసే సైగలు చూసే బరువు ఎత్తాలి, దించాలి. ఆ అలవాటు వల్లనో ఏమో ఆయన గొంతు పెంచగా నేనెప్పుడూ వినలేదు. బళ్ళో మా మీద అరిచే మాస్టర్లకి కొదవ లేదు, అందుకే ఈయనంటే నాకు ప్రాణం. నాకు ఇప్పటికీ అరిచేవాళ్ళని చూస్తే ఒళ్ళు మండుతుంది.

మైదానానికి గడ్డి లేదు, కంచె లేదు. గట్టిగా తంతే బంతి రాళ్ళ మీద ఎగురుకుంటూ ఎక్కడికో పోయేది. తేవడానికి ఎవరూ కదిలేవారు కాదు. "నువ్వు తెమ్మంటే నువ్వు తెమ్మ"ని తగువు. అందుకని క్లబ్బు పెట్టినవాళ్ళే ఒక పద్ధతి తెచ్చారు. దూరం పోయిన బంతిని ఎవరు తెస్తే వాళ్ళకి గోలు మీద ఒక షాటు. ఏ జట్టువాళ్ళైనా సరే, ఆడపిల్లైనా సరే. ఇంకేముంది, బంతి గీత దాటితే చాలు, అన్నం గంట మోగినట్టు అందరం దాని వెనక పడేవాళ్ళం.

మా తమ్ముడు గోల్‌కీపరు. పాలపళ్ళు ఊడుతున్న వయసు. బంతికి అడ్డం పడటంలో మొండివాడే కానీ ఒట్టి అమాయకుడు. "ఒరేయ్, మీ అమ్మ పిలుస్తోంది!" అని అవతలి జట్టు కుర్రాళ్ళు అరిస్తే పోస్టు వదిలేసి పరిగెత్తేవాడు. వాళ్ళు ఖాళీ గోల్లోకి నింపాదిగా బంతి తోసి పడీపడీ నవ్వేవాళ్ళు. ఒక్కోసారి చొక్కా పట్టుకుని పక్కకి లాగేసేవాళ్ళు కూడా. వాడు ముక్కు చీదుకుంటూ ఇంటికొచ్చేవాడు.

పక్క ఊరు బర్కా పిల్లల జట్టుతో ఆట దగ్గర పడుతుండగా ఒక శుక్రవారం తాత వాడి అరచెయ్యి గోలుపోస్టు మీద పెట్టించి మాట తీసుకున్నాడు. ఎవరు పిలిచినా పోస్టు వదలకూడదు. అమ్మ పిలిచినా, అక్క పిలిచినా, ఇల్లు కూలిపోతోందని అరిచినా వదలకూడదు. ఎవరైనా పట్టుకోబోతే తప్పించుకోవాలి, పోస్టు దగ్గరే ఉండాలి. "చివరికి నేను పిలిచినా రావద్దు," అన్నాడు తన వచ్చీరాని హిందీలో. ఆ మరుసటి వారం పరీక్ష కూడా పెట్టాడు. ఆట మధ్యలో చాక్లెట్ చూపించి రమ్మన్నాడు. తమ్ముడు గుటకలు మింగాడుగానీ కదల్లేదు. ఆట అయ్యాక ఆ చాక్లెట్ వాడిదే అయింది. వాడి గర్వం చూడాలి, ఇంట్లో అన్నం తినేటప్పుడు కూడా ఒక చెయ్యి గోడకి ఆనించి కూర్చునేవాడు.

నేను చెప్పబోయేది ఆ తర్వాతి శుక్రవారం సంగతి. అమ్మకి ఆసుపత్రిలో డ్యూటీ పడింది. నాన్న మమ్మల్ని కంపెనీ పికప్పులో తీసుకొచ్చాడు. ఆయన ఆ కంపెనీలో డ్రైవరు. గట్టు మీద ఎండగా ఉందని బండిని వాదీలోకే దింపి తుమ్మచెట్టు నీడన ఆపాడు. మా నెత్తిమీద ఆకాశం కడిగినట్టు ఉంది. దూరాన కొండల మీద మాత్రం నల్లగా కమ్ముకుని ఉంది. మేకలు కాసుకునే ఒమనీ అవ్వ ఒకామె ఇంకా మేత వేళ ముగియకముందే మందని గట్టు ఎక్కిస్తోంది. వెళ్తూ వెళ్తూ ఆగి, చేతికర్రతో కొండల్ని చూపించి, మా కాళ్ళకింది నేలని చూపించి, "వాదీ, వాదీ" అంది నాన్నతో.

నాన్న మర్యాదగా తల ఊపి, ఆమె వెళ్ళాక నావైపు తిరిగి నవ్వాడు. "మబ్బు తునకన్నా లేదు కదే నెత్తిమీద! గోదారి లంకలో పుట్టినోళ్ళం మనం. వరదంటే మెట్టు మెట్టూ ఎక్కుతూ చెప్పి మరీ వస్తాది. మొదటి హెచ్చరిక, రెండో హెచ్చరిక. ఈలోపు కోళ్ళగంపలతో సహా సర్దేసుకోవచ్చు," అన్నాడు. నాకూ అది నిజమే అనిపించింది. వరద అంటే ఏమిటో బొత్తిగా తెలియనివాళ్ళయితే ఆ అవ్వ మాటకి భయపడి గట్టెక్కేవాళ్ళు. మాకు తెలుసు కాబట్టి అక్కడే ఉన్నాం.

ఆట మొదలైంది. తమ్ముడు కొండల వైపు గోల్లో నిలబడ్డాడు. గోలుపోస్టులంటే రెండు ఇనప గొట్టాలు, కొసలకి ఎర్ర గుడ్డలు. రాతినేలలో గొయ్యి తవ్వడం కుదరక చుట్టూ రాళ్ళు పేర్చి నిలబెట్టేవాళ్ళు. నేను మైదానం మధ్యలో ఉన్నాను. తాత గట్టు పక్కన నిలబడి చూస్తున్నవాడల్లా ఉన్నట్టుండి పక్కకి ఒరిగి, వంగని మోకాలిని చాపి, అరచెయ్యి నేలకి ఆనించాడు. నేల అదురు వింటున్నట్టు కాసేపు అలాగే ఉండిపోయాడు. లేచాక ఆయన మొహం చూశాను. ఎండకి ఎర్రగా ఉండే మొహం తెల్లగా పాలిపోయి ఉంది.

ఆయన నేరుగా ఆటలోకి నడిచొచ్చాడు. ఒక బలూచీ పిల్లాడి కాలి దగ్గర్నుంచి బంతి లాక్కుని, ఆ వయసులో, ఆ మోకాలితో, బలమంతా పెట్టి గట్టు మీదికి తన్నాడు. అది గట్టు దాటి రోడ్డు వైపు పోయింది. "బంతి తెచ్చినవాళ్ళదే షాటు! యల్లా, పదండి!" అన్నాడు. గొంతులో కంగారు లేదు, నవ్వుతున్నాడు కూడా. ఆ నవ్వు ఎలా తెచ్చుకున్నాడో నాకు ఇప్పటికీ అర్థం కాదు. మేం ఎందుకని అడగలేదు. పిల్లలందరం ఒకరినొకరు తోసుకుంటూ గట్టు ఎగబాకాం. ముందు బంతి నాకే దొరికింది.

బంతి గుండెకి హత్తుకుని వెనక్కి తిరిగేసరికి చల్లటి గాలి మొహానికి కొట్టింది. తడిమట్టి వాసన. ఘాలా రోడ్డు మీద లారీల వరస వస్తున్నట్టు ఒక మోత. కానీ రోడ్డు ఖాళీగా ఉంది. వాదీ మలుపు దగ్గర గోధుమరంగు గీత ఒకటి కదులుతూ కనబడింది. మొదట నీళ్ళలా లేదు. కొమ్మలూ, డబ్బాలూ, చెత్తా ఒకదాన్నొకటి తోసుకుంటూ వస్తున్నట్టుంది. దాని వెనక నీళ్ళు. పిల్లలంతా గట్టు మీదే ఉన్నారు. కింద నాన్న పికప్పులో కూర్చుని తాళం తిప్పుతున్నాడు, అది దగ్గుతోందిగానీ అంటుకోవడం లేదు. ఆ మలుపుకి అందరికంటే దగ్గరగా, చెయ్యి గోలుపోస్టు మీద పెట్టుకుని, మా తమ్ముడు నిలబడి ఉన్నాడు.

"చిన్నోడా! వచ్చెయ్యరా! నీళ్ళొస్తున్నాయ్!" అని అరిచాను. వాడు వెనక మలుపు వైపు తిరిగి చూడలేదు. నా వైపు చూసి, ఊడిన పళ్ళ సందు కనబడేలా నవ్వి, అడ్డంగా తల ఊపాడు. "అమ్మ పిలుస్తోందిరా!" అని కూడా అరిచాను, ఏం చేయాలో తోచక. దాంతో వాడికి అనుమానం పూర్తిగా తీరిపోయింది. ఇది పరీక్షే. వాడు పోస్టుని ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. ఆ మోత రోజూ వినే లారీల మోతే వాడికి. నేను కిందికి దూకబోతే ఒక మలయాళీ అన్న నా చెయ్యి పట్టి ఆపాడు. ఆ చేతిని కొరికాను, అయినా వదల్లేదు. తర్వాత నర్సునయ్యాక ఆసుపత్రిలో ఎన్నో చూశాను, నా చేతుల్లో మనుషులు పోయారు, కానీ అంత భయం మళ్ళీ ఎప్పుడూ పడలేదు.

తాత అప్పటికే కుంటుతూ వాడి వైపు పరిగెడుతున్నాడు. దగ్గరికెళ్ళి పిలవడానికి నోరు తెరిచి, మళ్ళీ మూసేశాడు. నేను పిలిచినా రావద్దని చెప్పింది ఆయనే కదా. చెయ్యి చాచి పట్టుకోబోయాడు. తమ్ముడు ఆయన నేర్పినట్టే పోస్టు చుట్టూ తిరిగి తప్పించుకున్నాడు. మళ్ళీ పట్టుకోబోయాడు, వాడు మళ్ళీ అవతలికి వెళ్ళి కిలకిలా నవ్వాడు. ఆ నవ్వు ఆ మోతలో గట్టు దాకా వినబడింది. అవతలి ఒడ్డున ఉన్న తుమ్మచెట్టు ఒకటి అప్పుడే పడిపోయింది.

తాత వాడిని పట్టుకోవడం మానేశాడు. రెండు చేతులతో ఆ ఇనప గొట్టాన్నే పట్టుకుని ఊపాడు. పేర్చిన రాళ్ళు దొర్లిపోయాయి. గొట్టాన్ని పెరికి భుజాన వేసుకుని, తమ్ముడి వైపు ఒక్కసారి కూడా చూడకుండా, గట్టు వైపు పరుగందుకున్నాడు.

తమ్ముడు ఒక్క క్షణం నోరు వెళ్ళబెట్టి నిలబడ్డాడు. పోస్టు వదలనని మాట ఇచ్చాడు, ఆ పోస్టేమో వెళ్ళిపోతోంది. ఇంక ఆలోచించలేదు. లగెత్తి దాని వెనక చివర పట్టుకున్నాడు. ముందు తాత, వెనక వీడు, మధ్యలో గొట్టం. అలా వస్తుంటే వాళ్ళ వెనకే నీళ్ళూ వస్తున్నాయి. నాన్న అప్పుడు చూశాడు వాళ్ళని. తాళం బండిలోనే వదిలేసి దూకాడు.

గట్టు మొదట్లో నీళ్ళు వాళ్ళని అందుకున్నాయి. పైనుంచి పెద్ద పిల్లలు గొట్టం కొస పట్టుకుని లాగారు, దానితో పాటు వేలాడుతూ తమ్ముడు వచ్చేశాడు. తాత మోకాలు జారింది. నడుము దాకా నీళ్ళలో ఉండి కూడా గొట్టం వదల్లేదు. నాన్న వెనకనుంచి భుజం పెట్టి తోశాడు, మేం పైనుంచి లాగాం, ఇద్దరూ రాళ్ళ మీద బోర్లా పడ్డారు. కింద మా మైదానం లేదు. నాన్న పికప్పు ఒకసారి పక్కకి తిరిగి, లోపల ఎవరో నడుపుతున్నట్టే సముద్రం వైపు వెళ్ళిపోయింది. నెత్తిమీద అప్పటికీ చుక్క వాన లేదు.

తమ్ముడు గొట్టం మీద చెయ్యి తియ్యకుండానే, "తాతా, నేను వదల్లేదు," అన్నాడు. తాత వాడి తడిసిన తల నిమిరి, "శభాష్," అన్నాడు. ఒక్క తిట్టు లేదు. తర్వాత మొహం పక్కకి తిప్పుకున్నాడు.

కాసేపటికి లేచి ఆయన చేసిన పని చూసి ఆయనకి మతి పోయిందనుకున్నాం. గట్టు మీదే ఆ గొట్టాన్ని రాళ్ళ మధ్య నిలబెట్టాడు. రెండో పోస్టు వరదలో పోయింది కాబట్టి అక్కడ తన తడి బూటు పెట్టాడు. తమ్ముడిని మధ్యలో నిలబెట్టి నా వైపు చూశాడు. "బంతి తెచ్చింది నువ్వు. షాటు నీది," అన్నాడు. పక్కన వాదీ హోరుమంటోంది, నాన్న తల పట్టుకుని కూర్చున్నాడు. అయినా తన్నాను. బంతి నంగినంగిగా దొర్లుకుంటూ వెళ్ళింది. తమ్ముడు దాని మీద పడి వాటేసుకున్నాడు. నేను వెళ్ళి వాడి మీద పడ్డాను. అప్పుడొచ్చింది నాకు ఏడుపు. ఆయన ఎందుకలా చేశాడో పెద్దయ్యాకగానీ నాకు బోధపడలేదు. ఆ రోజు ఆ షాటు ఇవ్వకపోతే, ఇంకోసారి ఆయన బంతి తన్ని తెమ్మంటే మేం పరిగెత్తేవాళ్ళం కాదు.

అమ్మ యూనిఫారంతోనే ఇంటికొచ్చి, సంగతి విని, ముందు మాకు చెరొకటి అంటించి, తర్వాత ఇద్దరినీ వాటేసుకుని ఏడ్చింది. నాన్నని మాత్రం ఏమీ అనలేదు, ఆయన అంతకంటే పెద్ద శిక్షే వేసుకుని కూర్చున్నాడు. పికప్పు పోయిందని చెప్పడానికి మర్నాడు ఆయన వణుక్కుంటూ అర్బాబు దగ్గరికి, అదే, యజమాని దగ్గరికి వెళ్తే, "పిల్లలు క్షేమమా?" అని అడిగి, అల్హందులిల్లా అని పంపించేశాడట. ఆ తర్వాత నాన్న గోదావరి గొప్పలు చెప్పడం మానేశాడు. మేకలవ్వ కనబడితే బండి ఆపి మరీ సలాం చెప్పేవాడు.

తర్వాతి శుక్రవారం చర్చి ఆవరణలో తాత మమ్మల్నందరినీ వరసగా నిలబెట్టాడు. క్రేను దగ్గర ఎన్ని సైగలున్నా సైగలు చేసే మనిషి ఒక్కడే ఉంటాడనీ, ఇంకెవరు చెప్పినా వినకూడదనీ చెప్పాడు. కానీ ఒక్క సైగ మాత్రం ఎవరు చేసినా వినాలి. ఊడ్చేవాడు చేసినా, దారినపోయేవాడు చేసినా క్రేను ఆగాల్సిందే. రెండు చేతులూ పక్కలకి చాచి, అరచేతులు కిందికి పెట్టి, అటూ ఇటూ ఊపి చూపించాడు. "ఈ పిల్లాడికి అన్నీ నేర్పి ఇది నేర్పడం మర్చిపోయాను. తప్పు వాడిది కాదు," అన్నాడు. ఆ సైగ కనబడితే ఏది పట్టుకున్నా వదిలేసి రావాలి. ఆటలో వాడకూడదు, పరీక్షకి వాడకూడదు, నవ్వులాటకి అసలే వాడకూడదు. మా అందరి చేతా చేయించాడు. తమ్ముడి చేత, వెంట తెచ్చిన ఆ గొట్టం మీద చెయ్యి పెట్టించి ఇంకో మాట తీసుకున్నాడు.

ఇప్పుడు ఆ వాదీ మీద వంతెన ఉంది. తాత పోయాడు, ఈ మట్టిలోనే ఉన్నాడు. క్లబ్బు పేరు కూడా ఎవరికీ గుర్తులేదు. నేను నర్సుగా చేసి, రిటైరై, ఇక్కడే మబేలాలో కూతురి దగ్గర ఉంటున్నాను. ఎవరొచ్చి పిలిచినా తలుపు తియ్యొద్దని నా మనవడికి వాళ్ళమ్మ రోజూ గట్టిగా చెప్పి డ్యూటీకి వెళ్తుంది. మంచిదే. ఆవిడ వెళ్ళాక నేను వాడి ఎదురుగా నిలబడి చేతులు రెండూ చాచి ఊపుతాను. పిల్లలకి ముడి వేస్తే సరిపోదు, విప్పే కొస వాళ్ళ చేతికి అందేలా ఉంచాలి. నా కూతురు నవ్వుతుంది. నవ్వనీ.

అమ్మ పోయిన రోజు తమ్ముడు బర్కాలో సైట్ మీద ఉన్నాడు. అక్కడ ఫోన్లు లోపలికి తీసుకెళ్ళనివ్వరు. అమ్మ, మాట పడిపోతూ పడిపోతూ, వాడి పేరే పలికింది. నేను టాక్సీ మాట్లాడుకుని వెళ్ళాను. గేటు బయట నిలబడితే లోపల యంత్రాల మోత, పిలిచినా వినబడదు. దూరంగా వాడు పది మందికి పని పురమాయిస్తూ కనబడ్డాడు, తల నెరిసిన మనిషి. రెండు చేతులూ చాచి ఊపాను. వాడు తలెత్తి చూశాడు. చేతిలోది పక్కవాడికి ఇచ్చేసి, హెల్మెట్ కూడా తియ్యకుండా గేటు దాకా పరిగెత్తుకొచ్చాడు. ఎందుకొచ్చావని అడగలేదు. టాక్సీ కదిలాక మాత్రం నా చెయ్యి పట్టుకుని, "అమ్మ పిలుస్తోందా అక్కా?" అన్నాడు.

"ఈసారి నిజంగానే పిలుస్తోందిరా," అన్నాను.

వేళకి చేరాం. అమ్మ వాడి చేతిని పట్టుకునే వెళ్ళిపోయింది. ఆ తర్వాత చాలాసేపు వాడు ఆ చెయ్యి వదల్లేదు, నేనూ వదలమనలేదు.